ధూళిపళ్ళెంలో ఎదురుగాలి

క్యోటోలో, శిష్యులంతా సెన్సెయ్ అని, అంటే గురువుగారని పిలిచే కురహాషి బృందం సూర్యుడి పుట్టుక మీద లెక్కలు కడుతున్న రోజుల్లో, ఆ గదిలో ఒకే ఒక ఆడమనిషి ఉండేది. పేరు తరుమి ఇకుకో. మైజురు రేవులో ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళ పిల్ల.

సెన్సెయ్ సిద్ధాంతం అక్కడ అందరికీ కంఠతా వచ్చు. చల్లని మేఘమొకటి తన బరువుకి తానే కుంగిపోయింది. నడుమ సూర్యుడు రాజుకున్నాడు. చుట్టూ మిగిలిన వాయువూ ధూళీ పళ్ళెంలా తిరిగాయి. ధూళి అంటుకుని రాళ్ళయింది, రాళ్ళు కలిసి గ్రహాలయ్యాయి. రాయి పెద్ద బండగా ఎదగడానికి ఎంత కాలం పడుతుందో తేల్చే పని ఇకుకోకి అప్పజెప్పారు.

తేలింది ఆమెకే నచ్చలేదు. వాయువు రాయికన్నా కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. అందుకని రాయికి ఎప్పుడూ ఎదురుగాలే. కామో నది గట్టు మీద గాలికి ఎదురు సైకిలు తొక్కేవాడిలా అలిసి, వేగం తగ్గి, లోపలికి జారుతుంది. మనిషంత ఎదిగేసరికి ఓ నూరేళ్ళలో సూర్యుడి వేడికి ఆవిరైపోతుంది. గ్రహం కావడానికి ఏమీ మిగలదు. ఆ చలికాలమంతా ఆమె తన లెక్కలో తప్పు వెతుక్కుంది. దొరకలేదు.

అందరి ముందూ చెప్పినప్పుడు సెన్సెయ్ సిగరెట్టు కాలుస్తూ చివరిదాకా విన్నాడు.

“బాగుందమ్మా తరుమీ. మరిప్పుడు నువ్వు నిలబడ్డది దేని మీద?”

గది గొల్లుమంది. సెన్సెయ్‌కి కుడిభుజం లాంటి షిమొద అందరికన్నా గట్టిగా నవ్వాడు.

“భూమి ఉందని నాకూ తెలుసు సెన్సెయ్. మనం చెప్పే దారిలో పుట్టలేదంటున్నా, అంతే.”

నవ్వులు ఆగిపోయాయి. తర్వాత ఆమె పరిశోధన వ్యాసాన్ని ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. తీసుకెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోమనేవాడు. ఓసారి మంచి సంబంధం ఉంది, చూడమంటావా అని కూడా అడిగాడు. వ్యాసం తేలకుండానే గడువు ముగిసి ఉపకారవేతనం ఆగిపోయాక ఆమె మైజురు తిరిగి వెళ్ళి, ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరింది.

కొన్నేళ్ళకు విదేశంలో ఎవరో అదే లెక్క కట్టి అచ్చువేశారు. ప్రపంచమంతా ఒప్పుకుంది. ఆ ఏడాదే సెన్సెయ్‌కి అరవై నిండాయి. విందుకి పిలవడానికి షిమొద స్వయంగా మైజురు వచ్చాడు. క్యోటోలో ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందనీ, సెన్సెయ్ ఓ మాట వేస్తారనీ, విందులో నాలుగు మంచిమాటలు చెబితే చాలనీ అన్నాడు. ఇకుకో వస్తానంది. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి.

అరవై నిండినవాళ్ళకి అక్కడ పెట్టే ఎర్రటోపీ పెట్టుకుని సెన్సెయ్ కులాసాగా మాట్లాడాడు. ఆ ఎదురుగాలి విదేశాలకన్నా ముందు తన గదిలోనే వీచిందన్నాడు. ఆ ప్రశ్న అడగడం ఈ అమ్మాయికి తానే నేర్పానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇకుకో లేచింది. తెచ్చుకున్న మంచిమాటలు నోటికి రాలేదు.

“అడిగినందుకు నన్ను ఇంటికి పంపింది కూడా మీరే సెన్సెయ్. అదీ చెప్పండి.”

ఎవరో గబగబా కప్పుల్లో సాకే, ఆ బియ్యపు సారా, పోశారు. సెన్సెయ్ నవ్వేసి, “ఇంకా చిన్నపిల్లే” అన్నాడు. అందరూ ఆయనతో పాటు నవ్వారు.

స్టేషను దాకా వచ్చిన షిమొద ఉద్యోగం ఊసెత్తలేదు.

“ఇంతకీ ఆ రాళ్ళు ఎలా తప్పించుకున్నాయో మీకేమైనా తట్టిందా?” అని అడిగింది ఇకుకో.

“లేదు. నీకు?”

“నాకెలా తడుతుంది షిమొద సాన్? రోజంతా జవాబు కాగితాలు దిద్దుకునేదాన్ని.”

ఆ తర్వాత ఆమె క్యోటో వెళ్ళలేదు. బడికి వచ్చిన కొత్త పాఠ్యపుస్తకం కురహాషి రాసిందే. ధూళి రాళ్ళయింది, రాళ్ళు గ్రహాలయ్యాయి అని అందులో ఒక్క వాక్యంలో ఉంది. ఉద్యోగం మానేదాకా ఇకుకో ఆ వాక్యమే చెప్పింది, అలా రాసిన పిల్లలకే మార్కులు వేసింది.