ఉసూరుకు అరువిచ్చిన గొంతు

జ్ఞానప్రసూన గొంతు సంగతి భోపాల్‌పట్నంలో తెలియనివాళ్ళు లేరు. బస్టాండు ఎదురుగా ఆమె, ఆమె భర్త శ్రీరంగం నడిపే కిరాణా కొట్టు ఉంది. కొట్టులోంచి ఆమె ఎవరినైనా పిలిస్తే, బీజాపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తమనేనేమో అని తల తిప్పి చూస్తారు. శ్రీరంగం తీరు అందుకు పూర్తిగా విరుద్ధం. ఆయన మాట కౌంటరు దాటి బయటికి రాదు.

ఆ గొంతుకు సరైన పని హాకీ వల్ల దొరికింది. ఆమె తమ్ముడి కూతురు అనుపమ ఊరి ఆడపిల్లల జట్టులో ముందు వరసలో ఆడుతుంది. మేనకోడలి ఆట చూద్దామని ఒకసారి మైదానానికి వెళ్ళిన జ్ఞానప్రసూన, ఆ తర్వాత ఒక్క ఆట కూడా వదల్లేదు. ఎవరూ నియమించకుండానే జట్టు అభిమానులకు పెద్దదిక్కయింది.

ఇప్పచెట్లు ఆకు రాల్చే రోజుల్లో జరిగే టోర్నమెంటులో చివరి ఆట దాదాపు ప్రతి ఏడూ భోపాల్‌పట్నానికీ ఉసూరుకీ మధ్యే పడుతుంది. ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. పోయిన ఏడు ఉసూరులో ఆడి భోపాల్‌పట్నం ఓడిపోయింది. ఆట ఓడినందుకన్నా కేకల్లో ఓడినందుకు జ్ఞానప్రసూన ఎక్కువ బాధపడింది. తమవాళ్ళు పసుపు కండువాలు, ఈలలు, మైకుసెట్టుతో సహా వెళ్ళారు. గోలు కొట్టినప్పుడు చెవులు దిమ్మెక్కేలా అరిచారు. గోలు పడ్డప్పుడు మాత్రం ఒక్కొక్కరే లేచి బజ్జీల బండి వైపు నడిచారు. ఉసూరువాళ్ళ దగ్గర ఉన్నది ఒక్క డోలు. దాన్ని సీతయ్య అనే రైతు వాయించాడు. ఆడవాళ్ళు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసి వరసగా నిలబడి, ఆడే పిల్లలను పేరుపేరునా పిలుస్తూ పాడారు. తమ జట్టు వెనకబడినప్పుడు ఆ పాట ఇంకా పెద్దదైంది. తిరుగు దారిలో జీపులో ఆమె ఆ పాట గురించే మాట్లాడింది. శ్రీరంగం విన్నాడు.

ఈ ఏడు టోర్నమెంటు సమితివాళ్ళు కొత్తగా ఇంకో షీల్డు పెట్టారు. గెలిచిన జట్టుకు ఎప్పటిలాగే కప్పు. బాగా అండగా నిలిచిన అభిమానులకు షీల్డు. తీర్పు చెప్పడానికి జగదల్‌పూర్ నుంచి నంద సార్ అనే రిటైరైన డ్రిల్లు మాస్టారు వస్తాడని చెప్పారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచీ జ్ఞానప్రసూన కొట్టులో సరుకులతో పాటు నినాదాలు కూడా తయారయ్యాయి. సాయంత్రాలు బస్టాండు దగ్గర ఆడవాళ్ళను, కాలేజీ పిల్లలను పోగేసి స్టీలు పళ్ళేల మీద గరిటెలతో దరువు నేర్పింది. ఉసూరోళ్ళు ఉసూరుమని ఇంటికి పోవాలె అనే నినాదం ఆమె స్వయంగా కట్టిందే. అది విన్నవాళ్ళందరూ నవ్వారు. ఊరంతా పట్టుకుంది.

ఆట రోజు మధ్యాహ్నానికే మైదానం ఒక పక్కంతా పసుపు కండువాలతో నిండిపోయింది. అవతలి పక్క ఖాళీగా ఉంది. ఉసూరు జట్టు ముందు రోజే జీపులో వచ్చేసింది గానీ, వాళ్ళ జనం ఎక్కిన బస్సు మద్దేడు దగ్గర చెడిపోయిందట. సున్నం గీతకు అవతల, ఎండలో, ఒక్క మనిషి నిలబడి ఉంది. ఆమె పేరు హిడ్మే. గోల్ కీపర్ లక్కే తల్లి. కూతురికి తోడుగా జట్టుతో పాటు వచ్చింది.

ఇక షీల్డు మనదే, పోటీయే లేదని భోపాల్‌పట్నం వాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. సమితి తరఫున మైకు పట్టుకున్న ముకేష్ కూడా ఆ మాటే హిందీలో చెప్పి నవ్వించాడు. గొడుగు కింద కూర్చున్న నంద సార్ మాత్రం అవతలి గీత వైపే చూస్తున్నాడు.

ఆట మొదలైంది. పళ్ళేలు మోగాయి. కాసేపటికే అనుపమ ఒక గోలు కొట్టింది, తర్వాత ఇంకో పిల్ల మరొకటి కొట్టింది. ఉసూరు పిల్లలు బంతి వెంట పరుగెత్తుతూనే రోడ్డు వైపు చూస్తున్నారు. ఒక్కో లారీ దుమ్ము లేపుకుంటూ వచ్చినప్పుడల్లా లక్కే తల తిరుగుతోంది. జ్ఞానప్రసూన వాళ్ళు నేర్చుకున్న నినాదం అందుకున్నారు. ఉసూరోళ్ళు ఉసూరుమని. ఎదురుగా ఆ పిల్లలు నిజంగానే ఉసూరుమంటూ ఉన్నారు. రెండోసారి అనేటప్పటికి జ్ఞానప్రసూన నోట్లో ఆ మాట పూర్తిగా రాలేదు.

అప్పుడు ఆమెకు హిడ్మే కనిపించింది. ఇంతసేపూ అక్కడే ఉంది గానీ, ఇప్పుడు సరిగ్గా చూసింది. ఆ మనిషి అరుస్తోంది. నోరు తెరుచుకోవడం, మెడ నరాలు బిగుసుకోవడం కనిపిస్తోంది. గొంతు మాత్రం ఇవతలికి ఒక్క ముక్క కూడా రావడం లేదు. వందల మంది కేకల్లో, పళ్ళేల మోతలో కలిసిపోతోంది. ఎవరికీ వినబడదని తెలిసీ ఆమె ఆపడం లేదు. కొందరు కుర్రాళ్ళు ఆమెను చూపించి నవ్వుతున్నారు.

సగం ఆట అయ్యి విరామం ఇచ్చారు. జ్ఞానప్రసూన కండువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టింది. పళ్ళెం, గరిటె శ్రీరంగం ఒళ్ళో పెట్టింది. చెప్పులు వేసుకుని గీత వైపు నడిచింది.

"ఏందే, ఎటు పోతున్నవ్?" అన్నాడు శ్రీరంగం.

"ఉసూరుకు."

ఆయనకు అర్థమయ్యేలోపు ఆమె మైదానం మధ్యకు చేరుకుంది. పక్క కొట్టులో బట్టలు కుట్టే పార్వతి కాసేపు తటపటాయించి లేచింది. ఆమె వెనక కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనక ఇంకొందరు. ఇదేం పని, సొంత ఊరిని వదిలి వాళ్ళ వైపు పోవడమేమిటని వెనకనుంచి కొందరు గట్టిగానే తిట్టారు. ముకేష్ మైకులో, ఉసూరు బండి ఎక్కినవాళ్ళు దయచేసి వెనక్కి రావాలని బతిమాలాడు. ఎవరూ వెనక్కి రాలేదు.

ఎదురుగా వస్తున్న గుంపును చూసి హిడ్మే బెదిరింది. తనను అక్కణ్ణుంచి పంపెయ్యడానికి వస్తున్నారనుకుంది.

"ఏందమ్మా, ఏం గావాలె?" అంది. అక్కడి గూడేల్లో మాట్లాడే దోర్లీ కలిసిన తెలుగు ఆమెది.

"నీ బిడ్డ పేరేందో చెప్పు. తక్కిన పిల్లల పేర్లు గూడ చెప్పు. మాకు తెల్వకపోతే ఎట్ల అరుస్తం?" అంది జ్ఞానప్రసూన.

హిడ్మే ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎగతాళి కాదని నమ్మకం కలిగాక ఒక్కో పేరూ చెప్పింది. ఇర్మె, బుధ్రి, అలా మొత్తం జట్టు. ఎవరు ఏ ఊరి పిల్లో, ఎవరికి తండ్రి లేడో, ఎవరు తర్రెం నుంచి రోజూ సైకిలు మీద వచ్చి ఆట నేర్చుకుందో, అన్నీ చెప్పింది. పోయిన ఏడు విన్న పాటలో ఒక చరణం కూడా నేర్పింది. మాటలు కాలేజీ పిల్లల నోట్లో వంకర్లు తిరిగాయి. హిడ్మే నవ్వి సరిదిద్దింది. అందరూ ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకున్నారు.

ఆట మళ్ళీ మొదలైంది. ఇర్మె బంతి తీసుకుని కదలగానే జ్ఞానప్రసూన ఆమె పేరు పిలిచింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగిపోయి చూసింది. తన పేరు అంత పెద్దగా ఇంతకుముందు ఎవరి నోటా విని ఉండదు. తర్వాత ఆమె ఆగలేదు. గీత పక్కనే పరుగెత్తి, ఇద్దరిని తప్పించి, బుధ్రికి బంతి అందించింది. బుధ్రి గోలు కొట్టింది.

బంతి తెచ్చుకోవడానికి గీత దగ్గరికి వచ్చిన అనుపమ కళ్ళు పెద్దవి చేసింది.

"అత్తా, నువ్వేంది ఇక్కడ?"

"మాటలాపి ఆడు," అంది జ్ఞానప్రసూన.

ఇవతలి పక్కన భోపాల్‌పట్నం వాళ్ళు చల్లబడిపోయారు. దరువు మొదలుపెట్టేవాళ్ళు లేరు. ఒకరిద్దరు అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుంటున్నారు. శ్రీరంగం ఒళ్ళో ఉన్న పళ్ళెం వంక చూశాడు. అవతల గెంతుతున్న భార్య వంక చూశాడు. తర్వాత కుర్చీ ఎక్కి నిలబడి, ఊరి పేరు పిలిచాడు. మొదట ఎవరికీ వినబడలేదు. రెండోసారి పళ్ళెం మీద కొట్టి మరీ పిలిచాడు. మూడోసారికి గొంతు చీలి, కీచుమంది. జనం తిరిగి చూశారు. బస్టాండు కొట్టు శ్రీరంగం కుర్చీ మీద నిలబడి అరవడం వాళ్ళకు గోలుకన్నా పెద్ద వింత. నవ్వుతూనే అందుకున్నారు. ముకేష్ మైకు తెచ్చి నోటి ముందు పెడితే శ్రీరంగం దాన్ని పక్కకు తోసేశాడు.

అవతలి గీత దగ్గర జ్ఞానప్రసూన ఆ గొంతు విని, ఎవరిదబ్బా అని వెతికింది. ఆయనేనని తెలిసి పొంగిపోయింది. వెంటనే ఆ గొంతును మించాలని ఇంకా గట్టిగా అందుకుంది.

సరిగ్గా అప్పుడే ఇసుక లారీ ఒకటి రోడ్డు పక్కన ఆగింది. దాని వెనక నుంచి ఉసూరు జనం దూకారు. ఒళ్ళంతా ఇసుక. ముందు సీతయ్య, మెడలో డోలు. తమ చోటు నిండా భోపాల్‌పట్నం మనుషులు నిలబడి తమ పాట పాడుతూ ఉండడం చూసి వాళ్ళు అలాగే నిలబడిపోయారు. సీతయ్య జ్ఞానప్రసూనను గుర్తుపట్టాడు. పోయిన ఏడు తన మీద కళ్ళెర్రజేసిన మనిషి ఆమె.

"గట్ల జూస్తవేంది? డోలు గొట్టు, మనోళ్ళు ఇంకా ఒక గోలు వెనకున్నరు," అందామె.

డోలు పడింది. రెండు ఊళ్ళ చేతులు ఒకే వరసలో అల్లుకున్నాయి. ఆ మోతలో ఉసూరు రెండో గోలు కొట్టి సమానమైంది. తర్వాత ఆట అటూ ఇటూ ఊగింది. నంద సార్ గొడుగు కిందనుంచి లేచి వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు. ఆట ముగియడానికి కాస్త ముందు భోపాల్‌పట్నానికి పెనాల్టీ కార్నర్ దొరికింది. బంతి అనుపమ కర్రకు వచ్చింది. ఆమె కొట్టిన దెబ్బ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. లక్కే కాలు చాపి ఆపింది. జ్ఞానప్రసూన గాల్లోకి ఎగిరి, కిందికి దిగేలోపు, వెనక్కి వచ్చిన బంతిని రాధ అనే చిన్న పిల్ల మెల్లగా లోపలికి తోసేసింది. అంతే, ఆట అయిపోయింది. భోపాల్‌పట్నం గెలిచింది.

జ్ఞానప్రసూన రెండు చేతులూ తలమీద పెట్టుకుని మట్టిలో కూలబడింది. సీతయ్య డోలు ఆపి ఆమె వంక వింతగా చూశాడు.

"అక్కా, గెలిచింది మీ ఊరే గదా."

ఆమె ఆయన ముఖంలోకి చూసి, ఆ మాట మెల్లగా బుర్రకెక్కాక, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు కారాయి. పక్కన హిడ్మే కూడా కూర్చుని, ఆమె భుజం మీద తల వాల్చి నవ్వింది. ఉసూరు ఓడినా ఆ వరస విడిపోలేదు.

కప్పు అనుపమ వాళ్ళకు అందింది. షీల్డు దగ్గర నంద సార్ ఎక్కువ మాట్లాడలేదు. ఎవరి కేక పెద్దదో తాను చూడలేదనీ, పిల్లలు ఓడిపోతున్నప్పుడు వాళ్ళతో ఎవరు నిలబడ్డారో చూశాననీ, అందుకని షీల్డు ఉసూరు వైపుకేననీ చెప్పాడు. ఆ వైపు సగం మంది మనవాళ్ళే కదా అని ఇవతల గొడవ లేచింది. అవును, అందులో సగం మీదేనని సీతయ్య కూడా ఒప్పుకుని, షీల్డు తీసుకోమని జ్ఞానప్రసూనను పిలిచాడు. ఆమె హిడ్మే చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళింది.

"మేం వచ్చింది సగంల. ఈమె మొదటి నుంచి ఉంది. ఇది ఈమెకే," అంది.

ఆ తర్వాత గొడవ ఎక్కువసేపు నిలవలేదు. సీతయ్య డోలు ఊరుకోనిస్తేగా. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ సున్నం గీతలు చెరిగిపోయేదాకా ఆ దరువుకు చిందులేశారు. శ్రీరంగాన్ని కుర్రాళ్ళు భుజాలమీద ఎత్తుకుని తిప్పారు. కింద పెట్టాక ఆయన భార్య దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. ఆమె తన నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చి, కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

పొద్దు వాలేవేళకు బాగుపడిన బస్సు వచ్చి ఆగింది. అందరూ ఎక్కారు, లక్కే తప్ప. ఆమె కోసం వెతుకుతూ హిడ్మే, జ్ఞానప్రసూన మైదానం వైపు తిరిగారు. లక్కే గోలు ముందు నిలబడి ఉంది. ఎదురుగా అనుపమ, కర్ర ఎత్తి పట్టుకుని. ఇందాకటి దెబ్బను తాను ఎలా ఆపిందో లక్కే చూపిస్తోంది. ఈసారి ఆపలేవంటోంది అనుపమ. డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్లలిద్దరూ వినిపించుకోలేదు. తల్లీ, అత్తా చెరిగిన గీత దగ్గర ఆగిపోయారు. ఇంకొక్కటి చూసి పిలుద్దామనుకున్నారు.