బదులు డబ్బా

ఆమె బల్లమీద ఎప్పుడు చూసినా నాలుగైదు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఒక్కటీ మాట్లాడదు.

పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల్లో సుద్దపిండి కలిపి పోసి, ఆరాక మైనంతో చిగుళ్ళు కట్టి, పన్ను పక్కన పన్ను పేర్చి కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేయడం ఆమె పని. ఎవరు ఎడమవైపే నములుతారో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో అచ్చు చూడగానే చెప్పేస్తుంది. ఆ మనుషులు మాత్రం ఆమెకు ఎన్నడూ ఎదురుపడరు. అచ్చులు తెచ్చేవాడు ఇంజనైనా ఆపకుండా గేటు దగ్గరే సంచీ అందించి, తయారైనవి పుచ్చుకుని వెళ్ళిపోతాడు. తల్లి బతికున్నన్నాళ్ళూ ఇంట్లో కనీసం తిట్లయినా వినబడేవి. ఆవిడ పోయాక సానబట్టే మోటారు చప్పుడే మిగిలింది.

చేతినిండా పని ఉన్న మనిషికి ఏం లోటని మనం అనుకుంటాం. చేతినిండా పని ఉంటే ఉండవచ్చు, నోటినిండా మాట లేకపోవడమూ లోటే. అది పైకి కనబడేది కాదు గనక ఎవరూ పట్టించుకోరు.

అలాంటి రోజుల్లో ఆమెకు డబ్బాల ఆట పరిచయమైంది. తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఒకరు ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటును ఫోనులో చుక్కగా పెడతారు. ఇంకొకరు ఆ చుక్క పట్టుకుని వెళ్ళి వెతుకుతారు. దొరికితే లోపలున్న చీటీ మీద సంతకం పెట్టి, దారినపోయేవాళ్ళ కంటబడకుండా తీసినచోటే తీసినట్టుగా పెట్టేసి, ఫోనులో 'దొరికింది' అని రాస్తారు. దొరక్కపోతే 'దొరకలేదు' అని రాయాలి. దాచినవాళ్ళు అప్పుడప్పుడూ వెళ్ళి తడిసిన చీటీ మార్చాలి, మూత బిగువు చూసుకోవాలి. జియోకాషింగ్ అని దీనికి పెద్ద పేరు ఉంది గానీ, ఆడేవాళ్ళు 'డబ్బాలకి పోతున్నాం' అంటారు. కాలికి బలపం కట్టుకుని తిరగడమే తప్ప ఇందులో గెలుపూ లేదు, బహుమతీ లేదు. కానీ తను దాచినదాని కోసం ఎవరో వెతుకుతున్నారన్న ఊహ ఒంటరి మనిషికి ఎంత ఆసరానో, ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

చిగుళ్ళకు రంగు కలిపే చెయ్యి కదా, ఆమె ఒక ఇటుకను చేసింది. పెచ్చులూడిన అంచులు, నాచు మరక, సున్నం చుక్కతో సహా అచ్చం పాత ఇటుకే. లోపల డొల్ల, అందులో రేకు డబ్బా. పాడుబడిన గిడ్డంగి గోడలో ఒక ఇటుక ఊడిపోయిన సందు చూసి, అక్కడ దాన్ని దోపి వచ్చింది.

మొదట్లో జనం బాగానే వచ్చారు. 'వెతికి వెతికి మెడ పట్టేసింది, ఎవరండీ ఈ మాయలమారి?' అని ఒకరు రాశారు. 'పళ్ళక్కా, నీ డబ్బా కోసం గోడకేసి తల బాదుకున్నాను' అని ఇంకొకరు. ఆటలో తన పేరు పక్కన పళ్ళ సెట్ల పని అని రాసుకుంది గనక పళ్ళక్క అనే పేరు పడింది. అవి చదువుకుని ఒక్కతే పైకి నవ్వుకునేది. జవాబుగా నాలుగు వాక్యాలు రాసేది, మరీ మీద పడిపోతున్నట్టుందని చెరిపేసేది, చివరికి 'థాంక్స్' అని ఒక్కమాట పంపేది. ఆదివారం ఆదివారం వాళ్ళంతా కలుసుకుంటారని తెలిసినా వెళ్ళలేదు. తెలియని మొహాల మధ్య ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు.

వానలు వెలిశాక ఒకనాడు చీటీ మార్చడానికి గోడ దగ్గరకు వెళ్ళింది. ఇటుక లాగి చూస్తే చీటీ తెల్లగా ఉంది. వానలకు ముందు తను పెట్టిన చీటీ, పెట్టింది పెట్టినట్టే ఉంది. ఫోనులో చూస్తే వరసగా 'దొరికింది', 'దొరికింది', 'సులువుగానే దొరికింది'!

సులువుగానా? ఆ మాట దగ్గర ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళి చూసింది. చీటీ అలాగే ఉంది, ఫోనులో దొరికిందన్నవాళ్ళు మాత్రం పెరిగారు. అంటే ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని రాసేస్తున్నారన్నమాట! ఇటుక ముట్టుకోనైనా లేదన్నమాట! సంతకం లేనివాళ్ళ రాతను కొట్టేసే హక్కు డబ్బా యజమానికి ఉంది. ఆమె ఒక్కొక్కరినీ కొట్టేస్తూ, కింద 'సంతకం లేదు, అబద్ధం' అని రాసింది.

జనం భగ్గుమన్నారు. 'మా పాపను భుజాన ఎక్కించుకుని వెళ్ళి దానిచేతే తీయించాను. దాని ముందు నన్ను అబద్ధాలకోరును చేశారు. మీ డబ్బా మీరే ఉంచుకోండి' అని ఒక తండ్రి రాశాడు. 'ఆవిడకు మనుషులు కూడా పళ్ళ సెట్లే కాబోలు, అక్కర్లేకపోతే తీసి గ్లాసులో పడేస్తుంది' అని ఎవరో ఎకసెక్కమాడితే, దాని కింద నలుగురు నవ్వారు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఎవరూ రాయలేదు. మోటారు ఆపితే ఇల్లు చెవులు మూసుకున్నట్టు ఉండేది. ఫోను మోగిందేమోనని చేతికంటిన సుద్దతోనే తీసి చూసేది, తీరా చూస్తే డాక్టరు దగ్గర్నుంచి అచ్చుల కబురే. తప్పు తనది కాదని ఎంత సర్దిచెప్పుకున్నా ముద్ద మింగుడు పడేది కాదు. చివరికి డబ్బా తీసేసి, ఆట చాలించాలని నిశ్చయించుకుంది.

ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని వెళ్ళేసరికి గిడ్డంగి గోడ దగ్గర ఇద్దరున్నారు. మోకాలికి పట్టీ కట్టుకుని మెట్టు మీద కూర్చున్న పెద్దావిడ ఒకప్పుడు ఉత్తరాలు పంచిన మనిషి, ఈ ఊళ్ళో ఆట మొదలుపెట్టింది ఆవిడే. అందరికీ పోస్టు పిన్ని. ఆవిడను కారులో తీసుకొచ్చినవాడు డ్రైవింగు నేర్పే మాస్టారు, వాగుడు ఆపడు గనక రేడియో అంటారు.

"అమ్మాయ్, పళ్ళక్కవి నువ్వేనా?" అంది పిన్ని.

"నేనేనండీ."

"అండీ గిండీ వద్దు, పిన్నీ అను. అంతమందిని కొట్టేశావంటే ఏదో ఉందని చూడ్డానికొచ్చా. ఇదిగో, చీటీ నిండా సంతకాలే. లేవంటావేం?"

ఆవిడ చేతిలో మాత్రల సీసా ఉంది. వాననీటి గొట్టం వెనక దొరికిందట. పళ్ళక్క చీటీ విప్పింది. తను కొట్టేసిన పేర్లన్నీ ఉన్నాయి. ఒకచోట పెద్ద సంతకం పక్కన పసిచేతి గీతలు వంకరటింకరగా ఉన్నాయి.

"ఇది నాది కాదు పిన్నీ" అంటూ గోడ దగ్గరకు వెళ్ళి ఇటుక లాగింది.

"వార్నీ! ఇటుకా!" అన్నాడు రేడియో. "దీనిమీద చెయ్యి ఆనించుకుని మరీ వెతికానే!"

పిన్ని తల తిప్పింది. "వెతికావా? ఈ వానల్లో ముందుగా దొరికిందని రాసింది నువ్వే కదరా?"

జన్మలో మొదటిసారి రేడియో గొంతు తగ్గింది. సీసాకేసి చూస్తూ అన్నాడు:

"దొరకలేదు పిన్నీ. రెండుమూడుసార్లు వచ్చా. నాకే దొరకలేదంటే వానకి కొట్టుకుపోయిందనుకున్నా. పాపం, అక్కకి శ్రమ ఎందుకులే అని జేబులో ఉన్న సీసాలో చీటీ వేసి పెట్టేశా. సాయమే అనుకున్నానక్కా, ఒట్టు!"

"పోయిందనుకున్నావు సరే" అంది పళ్ళక్క. "నన్నొక మాట అడగాలనిపించలేదా తమ్ముడూ?"

"మీరెప్పుడూ ఒక్క ముక్కే రాస్తారు కదక్కా. మాట్లాడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాం."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఒక్క ముక్క వెనక ఎన్ని వాక్యాలు చెరిపిందో ఎవరికి చెప్పుకుంటుంది?

పిన్ని మోకాలు పట్టుకుని లేచింది. "ఒరేయ్, దొరకలేదని రాయడానికి నీకు నామోషీ. వచ్చినవాళ్ళందరికీ నీ సీసాయే దొరుకుతుంటే, ఈ పిల్ల చేసిన పనికి చూపు ఎవరానిస్తారు? అమ్మాయ్, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? ఒక్కరినంటే ఒక్కరిని 'ఎక్కడ సంతకం పెట్టారు నాయనా' అని అడిగావా? ఉత్తరాలు పంచేటప్పుడు నేనూ చూశా. తలుపు తీయకపోతే మనిషి లేరని రాసి వెనక్కి పంపెయ్యడం తేలిక. నేను ఇంకోసారి తలుపు కొట్టేదాన్ని. చాలాసార్లు లోపలే ఉండేవాళ్ళు. చెవి వినబడక కొందరు, మంచం దిగలేక కొందరు. ఊరికే గొంతు పెగలక కొందరు."

సీసాను రేడియో తనే తీసేశాడు. ఫోనులో 'దొరకలేదు, నేనే బదులు పెట్టాను' అని రాశాడు. పళ్ళక్క కొట్టేసిన పేర్లన్నీ తిరిగి చేర్చింది. ఒక్కొక్కరికీ ఈసారి ఏ వాక్యమూ చెరపకుండా క్షమాపణ రాసింది. కొందరు 'పోనీలే అక్కా' అన్నారు. కొందరు పలకలేదు. పాపను భుజాన ఎక్కించుకుని వచ్చిన తండ్రి దగ్గర్నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఇటుక మళ్ళీ గోడలోకి చేరింది గానీ, పని ముగించి చేతులు కడుక్కున్నాక ఆమె ముందుగా చూసేది ఆ జవాబు కోసమే.

ఇది డబ్బాల ఆటకే సంబంధించిన సంగతని అనుకోవద్దు. ఉలుకూ పలుకూ లేని మనుషులు మన వీధిలోనూ ఉంటారు, మన కొలువులోనూ ఉంటారు. వాళ్ళకు శ్రమ తప్పిస్తున్నామనుకుంటూ వాళ్ళ చోటులో ఇంకొకరిని కూర్చోబెట్టేస్తాం. వాళ్ళు మనల్ని నిందిస్తే మొహం తిప్పుకుంటాం. కనబడని మనిషి లేడని తేల్చేముందు, మనకు తోచినదాన్ని ఆ చోట పెట్టేముందు, ఒక్కసారి పేరు పెట్టి పిలిచి అడగండి.