దూఫీ ఎంచిన మిషను

బరిమా కుడిచేయి వణకడం మొదలై ఏడాదైంది. కుమాసీ ఊళ్లో, సువామే పేట షెడ్లలో ముప్పై ఏళ్లు కార్ల రేకులు అతికిన చేయి అది. తన తర్వాత షెడ్డు ఎవరిదన్న ప్రశ్నే లేదు. వాళ్ల ఆనవాయితీలో మేనమామది మేనకోడలికి కాక ఇంకెవరికి? పైగా చెల్లెలి కూతురు దూఫీ ఆరేళ్లుగా అతని పక్కనే వెల్డింగు చేస్తోంది. సన్నరేకు మీద ఆమె చేయి తనకన్నా నయమని బరిమాకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ ఆ మాట పైకి అనలేదు.

"కడ్డీలతో ఎన్నాళ్లు తంటాలు పడతాం? తీగతో అతికే మిషను కొందాం. చేసేది నువ్వు, నువ్వే ఎంచు" అన్నాడు ఒక పొద్దున.

దూఫీ ముఖం చాటంతయింది. వారం రోజులు పది షెడ్లు తిరిగి, మిషన్లు పట్టి చూసి, చిన్నదొకటి ఖాయం చేసుకుంది. ఇంటి కరెంటుకే నడుస్తుంది. సన్న తీగ, పక్కన గ్యాసు సిలిండరు. వేడి బాగా తగ్గించుకోవచ్చు కనక కారు తలుపుకు చిల్లు పడదు.

కొనడానికి వెళ్తే దుకాణంలో పక్క వీధి షెడ్డు మాస్టరు న్సియా, మరో ముగ్గురు మాస్టర్లు కూర్చుని ఉన్నారు.

"ఏంటి బరిమా, ఈ బొమ్మ? మనవలు ఆడుకోడానికా?" అన్నాడు న్సియా.

"కారు రేకుకి ఇదే సరిగ్గా సరిపోద్ది మాస్టారూ. పెద్దదైతే ఎంత తగ్గించినా కాలిపోద్ది" అంది దూఫీ.

"ఓహో, మీ షెడ్డుకి మాస్టరు ఈ పిల్లా? మరి నువ్వేం చేస్తన్నావయ్యా, ఊడుస్తన్నావా?"

అందరూ నవ్వారు. బరిమా కూడా నవ్వాడు. "దానికేం తెలుసు! లారీలకు వాడే ఆ పెద్దది దించండి" అన్నాడు.

దూఫీ పెద్ద పెట్టెకు ఒక చేయి వేసి బండెక్కించింది.

మర్నాడే, దూఫీ ఎంత వేడి తగ్గించినా, ఒక బడిపంతులు కారు తలుపు మీద నాలుగు చిల్లులు పడ్డాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే మిగిలేదేముంది? బరిమా తీగది తప్పన్నాడు, కరెంటుది తప్పన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. నెల తిరక్కుండా దూఫీ టాఫో పేటలో ఇంకో షెడ్డుకు పనికి వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసొచ్చింది మహానుభావుడికి. పెద్ద మిషను అమ్మేసి, ఆమె ఎంచిన చిన్నదాన్నే కొని, బండిలో వేసుకుని టాఫో వెళ్లాడు. దూఫీ స్టూలు వేసింది, నీళ్లిచ్చింది. తాగాక, అక్కడి మర్యాద ప్రకారం ఇంటికొచ్చిన అతిథిని అడిగినట్టే వచ్చిన పనేమిటని అడిగింది.

"నీ మిషను తెచ్చాను. ఇంటికి రావే తల్లీ."

"రాను మామయ్యా." ఆమె గొంతులో కోపం లేదు. "మిషను కోసం వెళ్లాననుకున్నావా? వాళ్లు నవ్వితే నవ్వారు. నువ్వెందుకు నవ్వావు?"

 ఆ ఒక్క నవ్వును వెనక్కి తీసుకోడానికి బరిమా షెడ్డంతా రాసిచ్చేసేవాడే. కానీ అది ఆమెకు అక్కర్లేదు.

మిషను బాగుందో లేదో చూద్దామని షెడ్డువాళ్లే దించి కరెంటిచ్చారు. దూఫీ రెండు సన్నరేకులు అంచు కలిపి పెట్టి, చుక్కచుక్కగా అతుకుతూ పోయింది. ఎక్కడా చిల్లు లేదు, రేకు వంకర పోలేదు. చుట్టూ మనుషులు మూగారు.

"అబ్బో! ఈ పని ఎవరు నేర్పారే నీకు?" అన్నాడు అక్కడి మాస్టరు.

దూఫీ వెల్డింగు ముసుగు పైకెత్తి, స్టూలు మీదున్న మనిషిని చూపించింది.

"మా మామయ్య. సువామేలో ఆయన్ని మించిన మాస్టరు లేడు."

అంతమంది ముందు బరిమా తలెత్తలేకపోయాడు.