వేరుతో సహా ముప్పై వెంట్రుకలు

గుర్రపుశాల పక్కనే మా ల్యాబు. అందులో నేనొక్కదాన్నే టెక్నీషియన్ని. శాలకు పెద్ద కాపరి మా నాన్న. ఇంట్లో నాన్న సలహాలు తప్పించుకుందామని ల్యాబుకు వస్తే, కిటికీలోంచి తల పెట్టి అక్కడా సలహాలే. మా శాలలో ఉన్న తెగ గుర్రాలు లోకం మొత్తం మీద అరవై ఒకటే మిగిలాయి. వాటి పుణ్యమా అని మా ఇద్దరికీ జీతాలు, ఉండడానికి క్వార్టర్సు.

శాలలో రెండేళ్ల మగ గుర్రప్పిల్లలు రెండుండేవి. ఒకటి ఎదురుపడినవాళ్లనల్లా తన్నేది కాబట్టి దాని పేరు పిడుగు. రెండోది చెవి పట్టి లాగినా ఊరుకునేది, అందుకని బుద్ధిమంతుడు. అవి కడుపున పడ్డప్పుడు మందలో రెండు మగగుర్రాలు తిరిగేవి. నల్లోడు మా పడుచు ఆడగుర్రాలన్నిటికీ తండ్రి. ముసలాడు వేరే రక్తం, ఆ ఏడే చచ్చిపోయింది. పిల్లల్లో ఒకటి ముసలాడిదని అందరి ఆశ. అదేదో తేలితే దాన్ని ఉంచుకోవాలి. నల్లోడి కొడుకును ఉంచితే సొంత అక్కచెల్లెళ్లతోనే జతకడుతుంది, పుట్టేవి రోగిష్టివవుతాయి. అందుకని దానికి విత్తులు తీసేయాలి. తేల్చాల్సింది నా డీఎన్ఏ పరీక్ష.

రూలు ప్రకారం టెక్నీషియనే స్వయంగా జూలులోంచి వేరుతో సహా ముప్పై వెంట్రుకలు పీకి, "నా చేత్తో పీకాను" అని కవరు మీద సంతకం పెట్టాలి. నేను దగ్గరికి వెళ్లగానే పిడుగు తలుపును ఒక్క తన్ను తన్నింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పసివాళ్లని ఎందుకమ్మా ఏడిపించడం? ఎవరి బ్రష్షు వాళ్ల తలుపుకే ఉందిగా. దాని నిండా వెంట్రుకలే, తీసుకో" అన్నాడు నాన్న.

వేర్లున్నవి ఏరుకుని సంతకాలు గీకేశాను. ముసలాడి కొడుకు బుద్ధిమంతుడని తేలింది. శాలంతా సంబరపడింది. తన్నేదానికి విత్తులు తీయమంటే వద్దనేదెవరు?

శాల బాధ్యత చూసే పశువుల డాక్టరుగారు ఓ సాయంత్రం ఆ పని కానిచ్చేశారు. పిడుగు మత్తులో ఉండగానే ఫైలు కోసం రక్తం తీసి, పరీక్షకు ఉంచమని కోసిన విత్తులతో పాటు ఐసు పెట్టెలో నాకు పంపారు. రక్తాన్ని యంత్రంలో పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున్నే ఫలితం చూశాను. ముసలాడి కొడుకు పిడుగే.

నాన్నను ల్యాబుకు పిలిచి అడిగాను. "ఆ బ్రష్షులేమైనా మార్చావా?"

"కొత్త బ్రష్షు గుచ్చుకుంటోందని పిడుగు ఒళ్లు ముట్టుకోనిచ్చేవాడు కాదే. బుద్ధిమంతుడి అరిగిపోయిన బ్రష్షుతో వాణ్ని, వాడి కొత్తదాంతో బుద్ధిమంతుణ్ని దువ్వేవాణ్ని. మళ్లీ ఎక్కడిదక్కడే తగిలించేవాణ్ని." నాన్న ఐసు పెట్టె వైపు చూశాడు. "నువ్వడిగినప్పుడు ఆ ఊసే తట్టలేదమ్మా."

కోసిన విత్తుల నుంచి వీర్యం తీసి గడ్డకట్టించి దాచవచ్చు. కాకపోతే ఒక్క రోజు లోపలే. అప్పటికే పదిహేను గంటలు గడిచాయి. చెబితే దొంగ సంతకం బయటపడుతుంది, నన్ను ఇక ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే సాయంత్రానికి ముసలాడి రక్తం ఆ పెట్టెలోనే అంతరించిపోతుంది. చివరికి డాక్టరుగారికి ఫోను చేశాను.

"పిడుగే ముసలాడి కొడుకు సార్. విత్తులు ఇంకా ఐసులోనే ఉన్నాయి, వెంటనే రండి."

ఆయన అటునుంచి అడిగారు. "మరి ఆ వెంట్రుకలు ఎవరు పీకారు?"

నోరు తెరిచాను. నాన్న ఫోను లాక్కున్నాడు.

"తప్పు నాదేనండీ. అమ్మాయి పీకినవి గాలికి ఎగిరిపోతే, కవర్లు అంటించకముందే బ్రష్షు వెంట్రుకలు పెట్టేశాను. తనకేం తెలియదు."

వద్దని చేతులూపాను. నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. నేను ఆ ఫోను మళ్లీ లాక్కోవచ్చు. లాక్కోలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నా, లోపలెక్కడో హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యను మాత్రం నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

డాక్టరుగారు రెండు గంటల్లో వచ్చి వీర్యం తీసి, పదకొండు సన్నటి గొట్టాల్లో భద్రం చేశారు. ముసలాడి రక్తం బతికింది. తర్వాత నాన్న దగ్గర శాల తాళాలు తీసుకుని, ఇక లోపలికి అడుగుపెట్టవద్దన్నారు. రిటైరవడానికి మూడు నెలలే ఉంది. నాన్న తల వంచుకుని విన్నాడు.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "నువ్వు నిజం చెప్పబట్టి సరిపోయిందమ్మా. రేపు గుర్రాలన్నిటికీ మళ్లీ వెంట్రుకలు తియ్యి. పక్కన ఎవ్వరినీ ఉండనివ్వకు. ఈ శాలలో ఇకనుంచి నీ సంతకం ఒక్కటే నమ్ముతాను."

నాన్న నన్నే చూస్తున్నాడు, సరేననమన్నట్టు.

"అలాగే సార్" అన్నాను.