పసుపు కుంకుమ పెట్టిన యంత్రం

ధర్మవరం బయట మా నాయన ఉండే వృద్ధాశ్రమానికి, మంచం మీది మనుషులను ఎత్తే యంత్రం ఒకటి ఎవరో దాత ఇచ్చినారు. ఆయుధపూజ నాడు మేనేజరు మార్కండేయ దానికి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పాడవుతుందని దుప్పటి కప్పి మూలన పెట్టినాడు.

ఆయా జయంతి అందరినీ చేతులతోనే ఎత్తుతుంది. నిన్న నా ఎదుటే మా నాయనను లేపుతుంటే ఆమె నడుము పట్టేసింది. నొప్పితో అరిచింది కానీ ఆయనను వదల్లేదు. నేను పరుగెత్తి పట్టుకుని ఆయనను మళ్ళా మంచం మీద పడుకోబెట్టినాను.

"ఏం జయంతీ, తిండి తినలేదా?" అని మార్కండేయ నవ్వినాడు.

"తిన్నా సార్. ఆ మిషన్ ఈడికి తే."

"గీతలు పడతాయమ్మా. దాత వస్తే ఏం చూపించేది?"

"నా నడుం చూపియ్యి! నాకు ముందు ఈడ ఆయాగా చేసిన హనుమంతక్క ఇట్లే నడుం పోగొట్టుకుని ఇంట్లో పడుండాది. ఇనుముకు గీత పడితే నీకు నొప్పి, మా ఎముక ఇరిగితే లేదా?"

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణే. కానీ పూజ చేసిన మగ్గాన్ని మర్నాడు నేయకుండా మూలన పెట్టినవాడు మా నేతగాళ్ల వీధిలో ఉన్నాడా? నాకు ఒళ్లు మండిపోయింది. పోయి దుప్పటి లాగి పారేసినాను.

జయంతి గోడకు ఆనుకుని ఎట్లా చేయాలో చెప్పింది, నేను నాయనకు పట్టీలు తగిలించి యంత్రం పిడి తిప్పినాను. నాయన మెల్లగా పైకి లేచి కుర్చీలోకి దిగినాడు.

"బొట్టంతా చెరిపేస్తిరి కదప్పా!" అని మార్కండేయ అరిచినాడు.

"మళ్ళా పెట్టు సార్," అంది జయంతి, నడుము పట్టుకునే. "వంగి పెట్టు."