ఎండకు లేవని కంప్యూటర్

బటన్ నొక్కాడు ఈనార్. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. పక్కన అరచేత్తో ఒకటి కొట్టాడు. ట్రాక్టర్ అయితే ఆ దెబ్బకి కనీసం దగ్గేది. ఇది అదీ చెయ్యలేదు.

మూడు గంటలకి ఆట. బావమరిది లూథర్ బ్రాండన్ పట్నంలో తన కంప్యూటర్ ముందు ఈపాటికే తల దువ్వుకుని కూర్చుని ఉంటాడు. చలికాలమంతా ఇద్దరూ వారానికో క్రిబేజ్ పేకాట ఆడారు. చెరి సగం గెలిచారు. ఇవాళ్టిది ఆఖరిది. గెలిచినవాడికి దుప్పికొమ్ముతో చేసిన లెక్కపలక, ఆటలో పాయింట్లు గుర్తుపెట్టుకునేది. దాన్ని చెక్కింది ఈనార్ మామగారు. ఈనార్ భార్య ఇర్మా చిన్నప్పుడు అంకెలు నేర్చుకున్నది దాని మీదే. ఆమె పోయాక అది రెండేళ్ళుగా లూథర్ ఇంట్లో ఉంది. న్యాయంగా గెలిచాడు. అదే ఈనార్‌కి మింగుడుపడనిది.

మూడింటికి తెర మీదికి రానివాడు ఓడినట్టే. ఆ రూలు పెట్టింది ఈనారే. నిరుడు ఒక వారం ఆటకి లూథర్ కారు మంచులో దిగబడి ఆలస్యమైతే ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఇప్పుడు ఫోన్ చేసి గడువడిగితే ఆ నవ్వు వినాలి. దానికంటే ఓడిపోవడం నయం.

పక్కింటి పౌలీన్ షెడ్డు తలుపు తోసుకుని వచ్చింది. స్కూల్ బస్సు నడుపుతుంది. గొంతు కూడా బస్సంత.

"కొట్టుడు మా వంటింటి దాకా వినిపిస్తోంది. ఎవర్ని చంపుతున్నావు?"

"ఇది లేవట్లేదు."

"ప్లగ్ పెట్టే ఉందా?"

ఈనార్‌కి ఒళ్ళు మండింది. "బయట చూరు మీది మంచు కరిగి కారుతోంది. ఇంత ఎండలో ఎవడైనా ప్లగ్ పెడతాడా?"

"కారు సంగతి కాదు మహానుభావా, కంప్యూటర్ సంగతి!"

ఆ ఊళ్ళో ప్లగ్ అంటే కారుకే. చలికాలంలో రాత్రి ఇంజన్‌కి వేడితీగ తగిలించకపోతే పొద్దున బండి కదలదు. ఈనార్ మాట మార్చాడు.

"పెట్టే ఉంది. నెత్తి మీద బల్బు చూడు, ఎలా వెలుగుతోందో. కరెంటుకేం రోగం?"

బల్బు నిజంగానే వెలుగుతోంది. దాంతో ఇద్దరూ కరెంటుని వదిలేసి పెట్టె మీద పడ్డారు. ఈనార్ పక్క రేకు విప్పాడు. లోపల దుమ్ము, ఎలుక దాచుకున్న గోధుమగింజలు, ఒక చచ్చిన ఈగ.

"ధాన్యం కొట్టు ఉద్యోగం మానేశానన్నావు," అంది పౌలీన్. "ఇక్కడ ఇంకా నిల్వ చేస్తున్నావుగా!"

"నవ్వింది చాలు. ఊదు."

ఆమె ఊదింది. దుమ్మంతా ఈనార్ మీసంలోకి వచ్చింది. అతను తుమ్మి, లోపలి చిన్న పలకల్ని ఒక్కొక్కటీ పీకి చొక్కాకి తుడిచి మళ్ళీ గుచ్చాడు. తీగలన్నీ ఊడదీసి తిరిగి తగిలించాడు. బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరగలేదు. తెర నల్లగానే ఉంది.

"మా ఇంటికి రా, నా దాంట్లో ఆడుకో," అంది పౌలీన్.

"ఆటలోకి వెళ్ళే రహస్యపదం దీనికే తెలుసు. నాకు తెలీదు."

"అది కూడా దానికే వదిలేశావా?"

"ఇర్మా పెట్టింది. నేనెప్పుడూ అడగలేదు."

పౌలీన్ ఆ మాటకి వేళాకోళం ఆడలేదు. ఒక పాత టైరు మీద కూర్చుని గడియారం చూసింది. మూడుకి ఇంకా కాస్తే ఉంది.

"నిన్న పనిచేసిందా?"

"పొద్దున కూడా చేసింది. వాతావరణం చూశాను. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి ఇలా."

"చలికాలమంతా దౌడు తీసింది. కాస్త ఎండ తగిలేసరికి చతికిలబడింది." పౌలీన్ మోకాళ్ళు చరుచుకుంది. "అచ్చం నీలాగే. నలుగురూ నవ్వుతూ తిరిగే రోజున నీ మొహమే మాడుతుంది."

ఈనార్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"మళ్ళీ అను."

"ఏంటి, మొహం సంగతా?"

"ముందుది."

"ఎండ తగిలేసరికి చతికిలబడింది."

అతను బయటికి పరిగెత్తాడు. అతను పరిగెత్తగా పౌలీన్ ఎప్పుడూ చూడలేదు. షెడ్డులో బల్బు తప్ప ప్లగ్గు లేదు. అందుకని కిందటి నవంబరులో, ఇంట్లో దాని రొద భరించలేక ఇక్కడికి తెచ్చినప్పుడు, తీగని గోడ కన్నంలోంచి బయటికి లాగి కారుకి వాడే ప్లగ్గుకే తగిలించాడు. ఆ ప్లగ్గుకి ఒక తెల్ల డబ్బా ఉంది. నీళ్ళు గడ్డకట్టే చలి పడితేనే కరెంటు వదులుతుంది. వెచ్చబడితే ఆపేస్తుంది. కారు వేడితీగ ఊరికే కాలకుండా.

గోడ మీద ఎండ పేలాలు వేయించేలా ఉంది. డబ్బా వెచ్చగా తగిలింది.

"లూథర్!" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. డబ్బాని క్రిస్మస్‌కి కానుకిచ్చింది వాడే.

పీకాడు. తీగని నేరుగా గోడ ప్లగ్గులోకి గుచ్చాడు. లోపలినుంచి పౌలీన్ కేక: "లేచింది! మీ ధాన్యం కొట్టు లేచింది!"

అతను కుర్చీలో పడేసరికి తెర మీద లూథర్ మొహం వచ్చింది. దువ్వుకునే ఉన్నాడు.

"ఇంకో నిమిషం అయితే గెలిచేసేవాణ్ణి బావా. ఏంటా రొప్పు?"

"నువ్విచ్చిన దరిద్రపు డబ్బా."

"ఏ డబ్బా?"

"ముక్కలు పంచు."

పంచాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పౌలీన్ మాత్రం రెండు పక్షాల తరపునా మాట్లాడింది. చివరికి లూథర్‌కి రెండే పాయింట్లు కావాలి, ఈనార్‌కి పన్నెండు. కాని పంచింది లూథర్. కాబట్టి, ఆ ఆట పద్ధతిలో, చేతిలోని ముక్కలకి పాయింట్లు ముందు లెక్కపెట్టుకునే వంతు ఈనార్‌ది. అతని చేతిలో మూడు ఐదులు, ఒక జాకీ.

తెర లెక్క చెప్పకముందే లూథర్ కళ్ళజోడు తీసేశాడు.

"పద్నాలుగు," అన్నాడు. "ఛ!"

పౌలీన్ ఎగిరి గంతేసింది. ఈనార్ నవ్వలేదు. మీసం ఒక్కసారి కదిలింది, అంతే.

"పోస్టులో పంపుతాను," అన్నాడు లూథర్.

"పంపకు. విరుగుతుంది. నువ్వే తీసుకురా."

లూథర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఇర్మా అంత్యక్రియల రోజు తర్వాత లూథర్ ఈనార్ గుమ్మం తొక్కలేదు. రమ్మని ఈనార్ అనలేదు.

"శనివారం వస్తాను బావా. భోజనం పెడతావా?"

"పెట్టను."

"సరేలే."

"బంగాళదుంపలు నువ్వు తెచ్చుకో," అన్నాడు ఈనార్. "ఉడకబెడతాను."