పొగగది నిప్పు

రబ్బరు తోట కూలీ అప్పడు చల్లారిన కుంపటి చేత్తో పట్టుకుని కూలీల ఇళ్ల లైను పొడవునా తలుపు తలుపూ తట్టాడు.

"అమ్మకి జొరం. గుక్కెడు ఏడి గంజి కాసుకుంటాను. ఒక్క నిప్పుకణిక ఎయ్యండి, మీ కాళ్లు మొక్కుతాను!"

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మరిడమ్మ పొయ్యిలో నిప్పులు కణకణలాడుతూనే ఉన్నాయి. ఆమె తలుపు వెనక నిలబడి, అతని అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విని, వెళ్లి తన గంజి తాను తాగింది. జాలి వేయలేదు. సిగ్గూ వేయలేదు. మర్నాడు అప్పడి తల్లి దాలమ్మ చచ్చిపోయింది. అప్పుడూ ఆమెకి ఏమీ అనిపించలేదు.

అప్పడు చేసిన నేరమల్లా మెడలోని తులసిపూస తెంపి, మఠం వద్దనడమే.

మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గరి ఆ రబ్బరు తోటలో మఠం పెట్టినవాడు నారాయణస్వామి. అందులో ఒక అఖండదీపం. పూస కట్టుకున్నవాళ్ల పొయ్యి రోజూ ఆ దీపం నిప్పుతోనే రాజుకోవాలి. వేరే నిప్పు మీద వండింది శవాల కూడు. పూస తెంపినవాడికి నిప్పిస్తే ఇచ్చినవాళ్ల పొయ్యీ ఆరిపోతుంది. తోటలో ఉన్న ఒక్క కొట్టూ కూలీల మేస్త్రీ అయిన కంగాణీ బంగారయ్యది. అక్కడ అగ్గిపెట్టె అమ్మరు. కంగాణీకి ఇందులో ఏం ఒరిగిందంటారా? దీపాన్ని వదిలి ఏ కూలీ వేరే తోటకి పోడు. కూలి తగ్గిస్తే స్వామి పరీక్ష అనుకుని తల వంచుకుంటాడు. తోట దొర బంగళాలో హాయిగా నిద్రపోతాడు.

మొగుడు పోయిన ఏడు మరిడమ్మ తన కూతురు పైడిని దీపం సేవకి ఇచ్చింది. ఇచ్చింది అనడం పేరుకే. అడిగింది స్వామి, సరేనన్నది కంగాణీ. మరికొందరి పిల్లల్లాగే పైడి తిండీ పడకా మఠంలోనే. దాలమ్మ పోయాక మఠంలో జరిగిన భజనలో పైడి తల్లిని చూసింది. చూసి, గోడని చూసినట్టే చూపు తిప్పుకుంది. ఆ పసిమొహంలో మరిడమ్మకి తన మొహమే కనిపించింది. మొదటిసారి భయం వేసింది.

"స్వామీ, నా గుంటని నాకిచ్చియ్యండి," అంది వెళ్లి.

స్వామి చిరునవ్వు నవ్వాడు. "తీసుకుపో తల్లీ. పూస ఇక్కడ పెట్టి మరీ తీసుకుపో. నిప్పులేని ఇంట్లో దానికేం వండి పెడతావు?"

మరిడమ్మ ఒట్టి చేతులతో వచ్చేసింది. మర్నాడు రబ్బరు పాలు తూచే షెడ్డు దగ్గర, డబ్బాలు దించుకుని అందరూ నిలబడి ఉండగా స్వామి అన్న మాట బయటపెట్టింది.

"అప్పడు పచ్చి బియ్యం నవిలినాడు. నువ్వూ నవులు," అంది ఒకామె.

"అప్పడు ఒక్కడే ఎల్లినాడు," అంది కూర్మమ్మ. రబ్బరు షీట్లు ఆరేసే పొగగదిలో మంట వేసేది ఆమే. "అదే మన తప్పు. ఒక్కొక్కలమే ఎల్తన్నాం, ఒక్కొక్కలమే కాళ్లమీద పడి తిరిగొస్తన్నాం. అందరం ఎల్తే ఎవలికి నిప్పు ఆపుతాడు?"

"మరి నిప్పేదే?"

"పొద్దస్తమానం నాను కట్టెలేసి మండిస్తన్నది ఏటి, నీళ్లా?"

"అది మైల నిప్పని స్వామి సెప్పినాడు కదే!"

"ఆ మంట మీద ఆరిన రబ్బరు అమ్మీసే దీపంలోకి నెయ్యి కొంటన్నారు. నెయ్యికి లేదేటి మైల?"

ఎవరూ నవ్వలేదు. అప్పడు జనంలోంచి ముందుకొచ్చాడు. చేతిలో అదే కుంపటి. "నానొస్తాను," అన్నాడు. దాన్ని చూసేసరికి అందరికీ దాలమ్మ గుర్తొచ్చింది. నిప్పు ఆపింది స్వామే అయినా, తలుపులు మూసింది తామే.

ఆ సాయంత్రం కుండలూ కుంపట్లూ పట్టుకుని లైనంతా పొగగదికి నడిచింది. కూర్మమ్మ పారతో నిప్పులు ఎత్తి పోసింది. అక్కణ్ణించి తిన్నగా మఠానికి. మరిడమ్మ పూస తెంపి గడపమీద వేసింది. ఆ వెనక ఒకటీ మరొకటీ, గడప నిండా పూసలే.

"మా గుంటల్ని మాకియ్యండి!"

"శవాల కూడు తింటార్రా!" అని అరిచాడు స్వామి. అంత జనాన్ని చూసి కంగాణీ మనుషులు పక్కకి తప్పుకున్నారు. మరిడమ్మ పైడి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. మిగిలిన తల్లులూ తమ పిల్లల్ని తెచ్చుకున్నారు.

అందరూ ఆరుబయటే పొయ్యిలు పెట్టి వండారు. పైడి ఆకు ముందు కూర్చుని నోరు బిగించుకుంది.

"ఇది తింటే సచ్చిపోతానంట, అమ్మా."

నిన్నటిదాకా మరిడమ్మ కూడా నమ్మిన మాటే. ఒక ముద్ద తాను తింది. "సూడు, బతికే ఉన్నాను." అయినా పిల్ల నోరు తెరవలేదు.

అంతలో పోలీసు లారీ వచ్చింది.

"కంపెనీ నిప్పు దొంగిలించిందెవరు?"

కంగాణీ కూర్మమ్మనీ మరిడమ్మనీ చూపించాడు.

"నాను," అన్నాడు అప్పడు.

"నానూ!" "నానూ!" లైనంతా లేచింది. పోలీసులు తుపాకులు ఎత్తి, ఇద్దరు ఆడవాళ్లకీ బేడీలు వేసి లారీ ఎక్కించారు.

పైడి తల్లి చేతులకున్న బేడీలు చూసింది. కంగాణీని చూసింది. ఆకులోంచి పెద్ద ముద్ద తీసి, అతని కళ్లెదుటే నోట్లో కుక్కుకుంది.

మరిడమ్మ గుండె భగ్గుమంది. ఇన్నేళ్లూ మొద్దుబారి ఉన్న మనిషి లారీమీంచి గొంతు చించుకుని అరిచింది: "తినే, పైడీ! ఇంకా ఎట్టుకో!"

జనం మళ్లీ ఆకుల ముందు కూర్చున్నారు. పోలీసులు చూస్తూండగా కడుపునిండా తిన్నారు. మర్నాడు కంగాణీ పనికి పిలుస్తూ ఎంత కొమ్ము ఊదినా, ఒక్క చేయీ రబ్బరు చెట్టు గీయలేదు.